బాపుబొమ్మ చేతులు

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు ఏలూరులో మా పెద్దత్తయ్య వాళ్ళింట్లో పెళ్ళిచూపులు జరిగాయి. కాఫీలయ్యాక అబ్బాయి వాళ్ళమ్మ నన్ను తేరిపార చూసి, పక్కన కూర్చున్న మా అత్తయ్యతో, “బాపుబొమ్మ అనలేం గానీ వదినగారూ, పిల్ల లక్షణంగానే ఉంది” అంది. ఆవిడ మాటలో చెడు ఉద్దేశం లేదు. మెచ్చుకుంటున్నాననే అనుకుంది. అత్తయ్య కూడా అలాగే తీసుకుంది. నేను మాత్రం ఆ సాయంత్రం గూడెం తిరిగొచ్చే పాసింజరు బండిలో జడ ముందుకేసుకుని దాని పొడవు చూసుకున్నాను. భుజం దిగి నాలుగు వేళ్ళు కూడా లేదు.

ఆ సంబంధం కుదరలేదు. అందుకు కారణం జడ కాదు, కట్నం. కానీ ఆ మాట నాతో ఉండిపోయింది. ఒక చిత్రకారుడు కాగితం మీద గీసుకున్న గీత, ఏలూరు పవర్‌పేటలో ఒక ముందుగదిలో చాప మీద కూర్చున్న ఆడపిల్లని కొలిచే కొలబద్ద ఎలా అయింది? తెలుగులో గొప్ప చిత్రకారులు ఇంకా ఉన్నారు. దామెర్ల రామారావు స్త్రీలున్నారు, అడివి బాపిరాజు స్త్రీలున్నారు, ‘చందమామ’, ‘యువ’ ముఖచిత్రాల మీద వడ్డాది పాపయ్య స్త్రీలున్నారు. వాళ్ళెవరి పేరూ ఆడపిల్లని పొగిడే మాట కాలేదు. బాపు పేరే అయింది. 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’ సినిమాలో కథానాయికని మెచ్చుకునే పాట కూడా ఆయన పేరు మీదే నడిచింది. ఇంతగా మన నోళ్ళలో కలిసిపోయిన బొమ్మని ఒక్కసారి నిదానంగా చూడాలనిపించింది. చూడగా చూడగా నా చూపు ఆ కళ్ళ మీదా, జడ మీదా నిలవలేదు. చేతుల మీద నిలిచింది.

ముందు ఆ గీత ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకోవాలి.

సత్తిరాజు లక్ష్మీనారాయణ 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. పెరిగిందీ చదివిందీ ఎక్కువగా మద్రాసులో. 1955లో లా డిగ్రీ పుచ్చుకున్నారు గానీ నల్లకోటు వెయ్యలేదు. ఆ ఏడే ‘ఆంధ్రపత్రిక’లో కార్టూనిస్టుగా చేరారు. తర్వాత జె. వాల్టర్ థామ్సన్ ప్రకటనల కంపెనీలో పనిచేశారు. చిన్ననాటి స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణ రాతకి ఈయన గీత తోడై, రెండు పేర్లూ ఒకే పేరుగా చెలామణీ అయ్యాయి. 1967లో ‘సాక్షి’తో సినిమా దర్శకులయ్యారు. 2013లో పద్మశ్రీ వచ్చింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో పోయారు. అంటే, గోదావరి ఆడపిల్లని మనకి ఇచ్చిన మనిషి తన పని జీవితమంతా మద్రాసులోనే గడిపారు. ఆ బొమ్మలోని అరుగూ, ఉయ్యాలబల్లా, అరటిచెట్టూ దూరంనుంచి తలుచుకున్నవి. తలపుకి ఒక గుణముంది. నచ్చినదాన్ని ఇంకా నునుపు చేస్తుంది, మిగిలినదాన్ని మెల్లగా చెరిపేస్తుంది.

ఆయన గీత అంత పొదుపుగా ఉండడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఆ రోజుల్లో వారపత్రికలు న్యూస్‌ప్రింటు మీద, అచ్చు అక్షరాల పక్కన లోహపు బ్లాకులు పెట్టి ముద్రించేవి. వెలుగునీడల బొమ్మకి చుక్కల బ్లాకు కావాలి. అది ఖర్చు, పైగా గరుకు కాగితం మీద అలుక్కుపోయేది. శుభ్రమైన నల్లగీతకి లైను బ్లాకు చాలు. చవక, చెదరదు. ఆ పరిమితిని బాపు తన బలం చేసుకున్నారు. తమిళ పత్రికల్లో గోపులు గీసే బొమ్మలనుంచి నేర్చుకున్నారు. జడంతా ఒకే విసురు. కుచ్చిళ్ళకి నాలుగు గీతలు. ముక్కు ఒక మలుపు. మిగతాదంతా తెల్లకాగితం. ఆ తెల్లదనంలోనే పాఠకుడు గోడనీ, గుమ్మాన్నీ, ఎండనీ చూసుకుంటాడు. ఇంత తక్కువతో ఇంత చెప్పిన చెయ్యి తెలుగు పత్రికల్లో మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. ఆ చేతిరాతే తర్వాత అచ్చక్షరాల రూపం కూడా అయింది.

వడ్డాది పాపయ్య బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పాపయ్య స్త్రీకి ఒళ్ళుంది, బరువుంది, రంగుంది. ఆమె మనకి దూరంగా, ఏ పురాణంలోనో ఉంటుంది. బాపు స్త్రీ పక్కవీధిలో ఉన్నట్టుంటుంది. నేత చీర, రెండు గాజులు, జడలో పువ్వు. ఏ మధ్యతరగతి ఇంట్లోనైనా దొరికే సరంజామా. ఇంకో సంగతి కూడా ఉంది. గీతకి రంగు లేదు. ఆ అమ్మాయి ఒంటిరంగు కాగితం రంగే. సినిమాల్లోకి వచ్చేసరికి బాపు ఎంచుకున్న నాయికలు చాలామంది చామనఛాయ వాళ్ళు. ‘ముత్యాలముగ్గు’లో సంగీత, ‘మిస్టర్ పెళ్ళాం’లో ఆమని గుర్తొస్తారు. కాబట్టి ‘బాపుబొమ్మ’లో తెలుపు నింపింది ఆయన కాదు, మనం. ఖాళీ వదిలిన చోట మన ఆశలూ మన కులాలూ మన పెళ్ళి మార్కెట్టూ వచ్చి కూర్చున్నాయి. ఈ పాపమంతా ఆయన నెత్తిన రుద్దడం న్యాయం కాదు.

అయితే ఆయన గీసిన చోటు కూడా ఉంది కదా. అక్కడికే వస్తున్నాను.

బాపుబొమ్మ చేతిలో ఏముంటుంది? పువ్వుంటుంది. ఉత్తరముంటుంది. అద్దముంటుంది. వీణ ఉంటుంది. ఏమీ లేకపోతే పైటకొంగు ఉంటుంది, వేలికి చుట్టుకోవడానికి. పనిచేసే చేతులు లేవా అంటే ఉన్నాయి. ముగ్గు వేస్తుంది, చల్ల చిలుకుతుంది, నీళ్ళబిందె ఎత్తుతుంది. కానీ ఆ పని ఎప్పటికీ పూర్తి కానక్కర్లేదు. చల్ల చిలికే చెయ్యి నడుము వంపు చూపించడానికి పైకి లేస్తుంది. బిందె అక్కడ ఉన్నది నీళ్ళ కోసం కాదు, తుంటి ఒంపు కోసం. ముగ్గు వేస్తున్న పిల్ల వేళ్ళకి పిండి అంటదు. పని భంగిమ అయిపోయింది. ఆ వేళ్ళు చూడండి, సన్నగా, కొనలు తేలి, ఒక్క కణుపు కూడా కనబడకుండా. ఏ గోదావరి ఇల్లాలి వేళ్ళు అలా ఉంటాయి?

ఇప్పుడు ఆయన కార్టూన్లు తియ్యండి. అక్కడ ఆడదాని చేతులు ఖాళీగా లేవు. అప్పడాల కర్ర ఉంది, గరిటె ఉంది, చీపురుంది. ఆమె లావుగా ఉంది. బక్కపల్చటి మొగుడు మూల నక్కి ఉన్నాడు. పనిచేసే చెయ్యి, తిరగబడే చెయ్యి ఈ ఇల్లాలిదే. కానీ ఆమెని చూసి మనం నవ్వాలి. ఇదీ నాకు తట్టిన సంగతి: బాపు లోకంలో ఆడది అందంగా ఉంటే చేతికి పని లేదు, చేతికి పనుంటే ఆడదానికి అందం లేదు. ఒకే చెయ్యి, ఒకే కలం, ఒకే వారపత్రిక. కథ పక్కన ఆరాధించాల్సిన అమ్మాయి, నాలుగు పేజీలు తిప్పితే నవ్వుకోవాల్సిన భార్య. ఆ అమ్మాయే పెళ్ళై పదేళ్ళకి ఈ భార్య అవుతుందని ఏ పాఠకుడికీ తట్టకపోవడమే ఆ పత్రిక నడకలోని కిటుకు. మనం రెండు పేజీలూ చదివాం, రెండిటినీ కలపలేదు.

చేతుల సంగతి ఇంత పట్టించుకోవడానికి నాకో సొంత కారణముంది. మా అమ్మమ్మది నరసాపురం దగ్గర పల్లెటూరు. ఆవిడ లేసు అల్లేది. మధ్యాహ్నం అంట్లు తోముకుని, అరుగు మీద గోడకి చేరబడి, కాళ్ళు చాపుకుని, దారపుండ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. వీధిలోంచి చూస్తే కబుర్లు చెప్పుకుంటున్న ఆడంగుల గుంపు. బాపు గీస్తే ఎంతో బావుండే దృశ్యం. కానీ ఆ చేతులు ఆగేవి కావు. చూపుడువేలు మీద దారం ఒరుసుకుని కాయ కట్టి ఉండేది. చీకటి పడితే కళ్ళు లాగుతున్నాయనేది. వారానికోసారి ఒకాయన సైకిలు మీద వచ్చి అల్లినవి తూచి, కొలిచి, తప్పులు పట్టి, చిల్లర ఇచ్చి పోయేవాడు.

ఆ లేసు 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా ఆ ప్రాంతానికొచ్చిన పని. మొదట క్రైస్తవం పుచ్చుకున్న దళిత స్త్రీలు నేర్చుకున్నారు, తర్వాత గడప దాటడం పరువు తక్కువనుకునే కాపు కుటుంబాల ఆడవాళ్ళదాకా పాకింది. జర్మన్ స్త్రీవాద సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ (1931–2023) ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్ళ మధ్య తిరిగి, నరసాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో ఆవిడ తేల్చి చెప్పిందేమిటంటే, ఈ స్త్రీలు ఇంటిపని అంతా చేసుకుంటూనే రోజుకి గంటల తరబడి విదేశీ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నారు. అయినా వాళ్ళని పనివాళ్ళని ఎవరూ అనరు. ‘ఇంట్లో కూచుని ఖాళీ సమయంలో అల్లుకుంటారు’ అంటారు. జనాభా లెక్కల్లో వాళ్ళు గృహిణులు. ఏజెంట్లూ ఎగుమతిదారులూ మగవాళ్ళు. ‘ఇంట్లో ఊరికే కూచున్న ఆడది’ అనే ఊహ ఉండబట్టే అంత తక్కువ కూలికి ఆ పని సాగింది.

బాపు పుట్టింది ఆ ఊళ్ళోనే. ఆయన కావాలని లేసు సూదిని చెరిపేశారని నేననను. ఇల్లాలు ఊరికే కూర్చుని ఉందన్నది అప్పటికే ఆ నేల మీదున్న నమ్మకం. మగవాళ్ళు వీధిలోంచి అరుగు మీదకి అలాగే చూసేవాళ్ళు. బాపు ఆ చూపుకి అందమైన రూపం ఇచ్చారు. అందమైంది కాబట్టే అది మరింత నమ్మదగింది అయింది. ఎగుమతిదారుడికి కావలసిన అబద్ధమూ, వారపత్రిక పాఠకుడికి కావలసిన కలా ఒకటే కావడం యాదృచ్ఛికం అనుకోలేను.

ఆయన సినిమాలకొస్తే ఈ ప్రశ్న సీత దగ్గరికి చేరుతుంది. బాపు జీవితమంతా రామాయణం గీస్తూనే, తీస్తూనే ఉన్నారు. 1975లో వచ్చిన ‘ముత్యాలముగ్గు’ పంచెలూ చీరలూ కట్టుకున్న ఉత్తరరామాయణమే. తప్పులేని భార్య అనుమానానికి గురై ఇల్లు వదులుతుంది, కవలల్ని కంటుంది, భర్త కళ్ళు తెరుచుకున్నాక మళ్ళీ ఇంటికొస్తుంది. 1976లో ‘సీతాకల్యాణం’. చివరి సినిమా, 2011లో, ‘శ్రీరామరాజ్యం’. సరిగ్గా ఆ మొదటి రెండు సినిమాల రోజుల్లోనే, 1974 నుంచి 1976 దాకా, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మూడు భాగాలుగా వచ్చింది. రంగనాయకమ్మది మా తాడేపల్లిగూడెం తాలూకా బొమ్మిడి. ఒకే జిల్లాలో ఆరేళ్ళ తేడాతో పుట్టిన ఇద్దరు. ఒకరు సీత కన్నీటిబొట్టుని ఎంతో అపురూపంగా కెమెరాతో పట్టుకున్నారు. ఇంకొకరు ఆ కన్నీరు ఎందుకొచ్చిందని అడిగారు. మా ఇంట్లో ‘ముత్యాలముగ్గు’ అందరం కలిసి చూశాం. ‘విషవృక్షం’ మాత్రం మా అమ్మ బియ్యండబ్బా వెనక దాచుకుని చదివింది. ఏది మురిపెంగా బతికిందో, ఏది దాక్కుని బతకాల్సి వచ్చిందో అక్కడే తెలుస్తుంది.

ఇదంతా చెప్పి బాపు గీతలో స్త్రీకి ఊపిరే లేదంటే అది అబద్ధమవుతుంది. ‘బుడుగు’లో సీగానపెసూనాంబని చూడండి. ఆ చిన్నపిల్లకి ఇంకా భంగిమ నేర్పలేదెవరూ. మూతి తిప్పితే తిప్పినట్టే ఉంటుంది, నిలబడితే నేల మీదే నిలబడుతుంది. రాధాగోపాలాల్లో రాధకి మాటకి మాట అప్పజెప్పే నోరుంది. 1993లో వచ్చిన ‘మిస్టర్ పెళ్ళాం’లో ఉద్యోగం పోయిన భర్త, ఉద్యోగానికి వెళ్ళే భార్య. మగవాడి అహాన్ని ఆ సినిమా నవ్వుతూనే అయినా గట్టిగానే గిల్లింది. ఆ ఏటి తెలుగు సినిమాల్లో ఉత్తమచిత్రంగా దానికి జాతీయ బహుమతి కూడా వచ్చింది. ఆయన చేతికి అన్ని రకాల ఆడవాళ్ళూ వచ్చు. మనమే, అంటే పెళ్ళిశుభలేఖలూ చీరల కొట్లూ పెళ్ళిచూపుల అత్తగార్లూ, ఒక్కదాన్నే ఎంచుకుని దానికి ఆయన పేరు పెట్టాం. రాధ బాపుబొమ్మ కాదా? సీగానపెసూనాంబ బాపుబొమ్మ కాదా? అప్పడాల కర్ర పట్టుకున్న ఆవిడ ఎవరి బొమ్మ మరి?

కుంచె పట్టిన ఆడచేతుల గురించి కూడా ఇక్కడే అడగాలి. ఏలూరులో పుట్టిన బుచ్చిబాబు (1916–1967) ‘చివరకు మిగిలేది’ రాసినవాడిగా అందరికీ తెలుసు. నీటిరంగులతో ప్రకృతి దృశ్యాలు వేసేవారని కొందరికి తెలుసు. ఆయన భార్య శివరాజు సుబ్బలక్ష్మి (1925–2021) కథలూ నవలలూ రాశారు, ఆవిడ కూడా చిత్రకారిణే అని ఎంతమందికి తెలుసు? చిన్నతనంలోనే పెళ్ళై, భర్త పోయాక అర్ధశతాబ్దం పైగా బతికి, తొంభై దాటిన మనిషి. ఆవిడని మనం తొంభై శాతం సందర్భాల్లో ‘బుచ్చిబాబుగారి భార్య’ గానే పిలిచాం. రాజమండ్రిలో దామెర్ల రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ బొమ్మలు వేశారు. చరిత్రలో వాళ్ళకి దొరికింది ఒక వాక్యం. తెలుగులో స్త్రీ బొమ్మగా ఉన్నంత సులువుగా బొమ్మ వేసే మనిషిగా ఉండలేకపోయింది. వీళ్ళు వేసిన బొమ్మలు మన వారపత్రికల ముఖపత్రాల మీద అరవయ్యేళ్ళు వచ్చి ఉంటే, పవర్‌పేటలో ఆవిడ నన్ను దేనితో పోల్చి ఉండేదో.

ఈమధ్య ఒక స్నేహితురాలితో కలిసి కొల్లేటి లంక గ్రామానికి వెళ్ళాను. ఏలూరునుంచి బయల్దేరితే రోడ్డుకి రెండువైపులా నీళ్ళే, సగం సరస్సు, సగం చెరువులు. 1999లో దాన్ని వన్యప్రాణి అభయారణ్యమన్నారు, 2002లో రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు పేల్చారు. 2022లో జిల్లా కూడా ముక్కలై, ఏలూరూ కొల్లేరూ ఒకవైపు, గూడెమూ నరసాపురమూ ఒకవైపు అయ్యాయి. ఈ మార్పులన్నిటిలో మారనిది గట్టు మీద ఆడవాళ్ళ పని. ఎండుచేపలు తిరగేస్తున్న ఒకావిడ పక్కన కూర్చున్నాను. రొయ్యల షెడ్డులో కూడా చేసిందట. ఐసునీళ్ళలో గంటలకొద్దీ రొయ్యల తలలు తీసి తీసి వేళ్ళ చివర్లు తెల్లగా ఉబ్బి, గోళ్ళ పక్కన చీలి ఉన్నాయి. “ఫొటో తియ్యనా?” అంటే మొహం సర్దుకుంది, కొంగు సర్దుకుంది. చేతులు మాత్రం వెనక్కి దాచుకుంది. “చేతులెందుకండీ, బాగోవు” అంది.

బాపుబొమ్మ గురించి అంత కచ్చితమైన విమర్శ నేనింతవరకు చదవలేదు. ఆ బొమ్మ ఆవిడ ఇంటికి ఎన్నడూ వెళ్ళి ఉండదు. ఆవిడ బహుశా ఆ పేరు సినిమా పాటలో విని ఉంటుంది, అంతే. అయినా ఏ చేతులు చూపించదగ్గవో ఏవి కావో ఆవిడకి తెలుసు. పొట్టిజడ చూసుకుని బండిలో ఏడ్చిన నాకూ తెలుసు. ఇద్దరికీ ఒకే బడిలో చెప్పారు.

మా అమ్మ పోయాక పెట్టె సర్దుతుంటే ఒక పాత అట్టపుస్తకం దొరికింది. వారపత్రికల్లోంచి కత్తిరించి అంటించిన బాపు బొమ్మలు. పేజీలు తిప్పుతుంటే చాలా బొమ్మల మీద పెన్సిలు నొక్కులు కనిపించాయి. వెనకవైపు కార్బను మరకలు. నాకు గుర్తొచ్చింది. అమ్మ ఆ బొమ్మల్ని గుడ్డ మీదకి దించుకుని కుట్టేది. మా ఇంట్లో దిండు గలేబుల మీదా, రేడియో మీద కప్పిన గుడ్డ మీదా జడ వేసుకున్న అమ్మాయిలుండేవాళ్ళు. మా వీధిలో ప్రతి ఇంట్లోనూ ఉండేవాళ్ళు. బాపు ఒక్క విసురులో లాగిన జడని అమ్మ కాడకుట్టుతో రెండు మధ్యాహ్నాలు కుట్టేది. గీత సన్నబడే చోట ఒక పోగుతో, లావయ్యే చోట రెండు పోగులతో. ఆ గీత ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో విమర్శకులకంటే ఆవిడకే బాగా తెలిసి ఉండాలి.

ఒక గలేబు ఇంకా ఉంది నా దగ్గర. రంగు వెలిసిపోయింది. పువ్వు పట్టుకున్న ఆ అమ్మాయి సన్నటి చేతి మీద ఒకచోట చిన్న గోధుమరంగు మరక ఉంది. అమ్మ వేలికి సూది గుచ్చుకున్నప్పటిది. ఉతికినా పోలేదు.